ఈస్టరుకు మాటిచ్చిన గొంతు

గిమరాస్ దీవి, 1994 జూన్ 13

ఇండాయ్ నోరాకు,

జరిగినది జరిగిన వరుసలోనే ముందుగా రాస్తున్నాను. కంగారు పడకుండా చదువు, చెల్లీ. ప్రస్తుతం అందరం క్షేమం.

1. నిన్న ఆదివారం పూజ ముగిశాక బెనిల్దాను రేవుకు తీసుకువెళ్లాను. ఇలోయిలో పట్నానికి వెళ్లే పడవల్లోకి మామిడి బుట్టలు ఎక్కిస్తుంటే చూడటం నా కూతురికి ఎంత ఇష్టమో నీకు తెలుసు.

2. ఎవరో దాని చేతిలో ఒక పండు పెట్టారు. రసం మెడ మీదికి కారి, ఊపిరి గొట్టాన్ని పట్టి ఉంచే నాడా తడిసి, ముడి జారింది. నేను గమనించలేదు.

3. దగ్గు వచ్చింది. ఆ దగ్గుతో గొట్టం మెడలోంచి ఊడి గౌను మీద పడింది.

4. మీ వదిన ఫెలీసా అరిచిన అరుపుకు పడవల వాళ్లు ఇంజన్లు ఆపేశారు.

5. చేపల బల్ల మీద పిల్లను పడుకోబెట్టాను. నా చొక్కా చుట్టి భుజాల కింద పెట్టి, నువ్వు నేర్పినట్టు మెడ వెనక్కి వంచి, జేబులో ఎప్పుడూ ఉంచుకునే రెండో గొట్టం తీసి పెట్టాను. మొదటిసారి లోపలికి పోలేదు. రెండోసారి వెళ్లింది.

6. పెదవుల నీలం విరిగింది.

ఏడో అంశం ఒకటుంది. అది నా ప్రమేయం లేకుండా జరిగింది. ఈస్టరు తెల్లవారుజామున వెదురు మంచె మీంచి దిగి మాత విగ్రహం ముఖం మీది నల్ల ముసుగు ఎత్తి పాడే దేవదూత వేషానికి ఏటా పిల్లను ఎంపిక చేసే పెద్దావిడ మానాంగ్ పారింగ్ అక్కడే ఉంది. బల్ల పక్కన మోకరిల్లి, రేవంతా వినేలా చెప్పింది: "చూశారా, చూశారా! మాత దీన్ని నా కళ్ల ముందే వెనక్కి పంపింది. వచ్చే ఈస్టరుకు మన దేవదూత ఇదే!"

"మానాంగ్, దాని గొంతులో మాటే రాదు కదా," అన్నాను.

"రాకపోతే రప్పించు! నీ చెల్లెలు మనీలాలో పిల్లల గొంతులు బాగుచేసే చదువు చదువుతోందని నువ్వే కదా ఊరంతా చెప్పుకు తిరిగావ్? ఇంజను విప్పే వాడి చెల్లెలు ఒక గొంతు విప్పలేదూ?"

అందరూ నవ్వారు. ఫెలీసా ఏడుస్తూ ఆమె చేతిని నుదుటికి ఆనించుకుంది. ఈ దీవిలో దాని అర్థం మాటిచ్చినట్టే.

నోరా, రెండేళ్ల వయసులో గొంతు వాచినప్పుడు, నోట్లోంచి వేసిన ఆసుపత్రి గొట్టం రోజుల తరబడి ఒరుసుకుని లోపల మచ్చ కట్టింది. ఆ మచ్చ దారి మూసేస్తే మెడకు కన్నం పెట్టారు. అప్పటి నుంచి నా కూతురు మెడతోనే ఊపిరి పీలుస్తోంది. నీ శిక్షణ డిసెంబరులో పూర్తవుతుంది. ఈస్టరు ఏప్రిల్‌లో. జనవరిలో నువ్వు ఆపరేషన్ చేస్తే సరిపోతుందా? నీ చెయ్యి తప్ప మరో చెయ్యి మేము ఎన్నడూ ఊహించలేదు.

నీ మనోంగ్,
తేర్యో

*

మనీలా, 1994 జూలై 9

ప్రియమైన మనోంగ్, అన్నయ్యా,

నీ ఉత్తరం వార్డు మెట్ల మీద కూర్చుని చదివాను. ఐదో అంశం దగ్గర ఆగి, లేచి, నీళ్లు తాగి వచ్చి మళ్లీ చదివాను. నువ్వు చేసినదాంట్లో ఒక్క తప్పు లేదు. ముడి మాత్రం ఇకపై ఇద్దరూ చూడండి. ఒకరు కట్టడం, మరొకరు లాగి చూడటం.

ఇక్కడ చదువు ఎలా సాగుతోందని వదిన అడిగిందట. చెబుతాను. పెద్దల చెవులూ ముక్కులూ గొంతులూ నేర్చుకున్న ఏళ్లు ఒక ఎత్తు, ఈ పిల్లల వార్డు ఒక ఎత్తు. మా గురువు డాక్టర్ రుఫీనా కటాలన్ మొదట్లో నా చేతికి ఏ పరికరమూ ఇవ్వలేదు. మంచాల మధ్య కుర్చీ వేసి కళ్లు మూసుకోమంది.

"ఏం వినబడుతోంది?"

"రోడ్డు మీద జీప్నీ బండ్ల హారన్లు, డాక్టర్."

"జీప్నీకి ఆపరేషన్ చేస్తావా? మూడో మంచం మీద పిల్లాడి ఊపిరి విను. కూత లోపలికి పీల్చేటప్పుడా, బయటికి వదిలేటప్పుడా?"

పీల్చేటప్పుడు కూత వస్తే అడ్డం గొంతులో. వదిలేటప్పుడు వస్తే ఛాతీలో. అది చెవికి పట్టాకే దీపమున్న సన్నని గొట్టాన్ని చేతికిచ్చింది. మొన్న ఒక పిల్లవాడి గాలిదారిలోంచి పల్లీ గింజ తీశాను. దాన్ని పట్టుకోవడం కష్టం కాదు, విరగకుండా బయటికి తేవడం కష్టం. విరిగితే రెండు ఊపిరితిత్తులకూ చెరో ముక్క వెళుతుంది. తీశాక డాక్టర్ కటాలన్ మెచ్చుకోలేదు. "వాళ్లమ్మకి నువ్వే వెళ్లి చెప్పు. పల్లీలు ఎవరు పెట్టారని మాత్రం అడక్కు," అంది.

నీకు నచ్చే సంగతి ఒకటి. మన బెనిల్దా లాగే మెడగొట్టం ఉన్న ఒక పిల్లవాడికి ఈ వారం దాన్ని తీసేశాం. తీసే ముందు పగటి పూట గొట్టానికి బిరడా పెట్టి ఉంచుతాం. నోటితో, ముక్కుతో ఊపిరి తీయడం మళ్లీ అలవాటు కావాలి కదా. మొదట బెదిరాడు, తర్వాత బిరడాతోనే వరండాలో పరుగెత్తాడు.

ఈస్టరు సంగతి మరోసారి వివరంగా రాస్తాను. పిలుస్తున్నారు.

నీ నోరా

*

గిమరాస్, 1994 సెప్టెంబరు 4

ఇండాయ్ నోరాకు,

ఈస్టరు గురించి నువ్వు కాదనలేదు. కాబట్టి అవునన్నట్టుగా భావించి ఏర్పాట్లు మొదలుపెట్టాను. వాటి వివరం:

మంచెకు వెదురు ఎంచి నీటిలో నానవేశాం. దేవదూతను దించే తాడుకు గిలక నేనే తయారు చేశాను, సిమెంటు బస్తా కట్టి పరీక్షించాను. ఫెలీసా రెక్కలకు కోడి ఈకలు సేకరిస్తోంది. మానాంగ్ పారింగ్ రోజూ సాయంత్రం వచ్చి పాట వినిపించి పోతోంది. "గొంతు వచ్చే లోపల చెవికన్నా ఎక్కనీ," అంటుంది.

అన్నింటికన్నా ముఖ్యమైనది బిరడా. నీ ఉత్తరాన్ని చాలాసార్లు చదివి, అలవాటు ముందే చేయించడం మంచిదని నిర్ణయించుకున్నాను. ఇంజను రబ్బరును చెక్కి, నున్నగా రుద్ది, వేణ్ణీళ్లలో మరిగించి, గొట్టం మూతికి సరిపోయేలా చేశాను. ప్రతి సాయంత్రం కొంచెంసేపు పెడుతున్నాం. మొదట్లో బెదిరి నా చెయ్యి గీరింది. నువ్వు రాసిన పిల్లవాడూ బెదిరాడు కదా. ముఖం ఎర్రబడగానే తీసేస్తాను.

నిన్న బిరడా పెట్టి ఉండగా దాని గొంతులోంచి ఒక స్వరం వచ్చింది. దారం లాంటిది, సన్నం. పాటలో మొదటి పదం. ఫెలీసా చేతిలోని పళ్లెం కింద పెట్టేసింది. నాలుగేళ్లలో మేము విన్న మొదటి శబ్దం అది.

జనవరిలో ఏ వారం రమ్మంటావో రాయి. పడవ, ఓడ, మనీలాలో బస అన్నీ చూసుకోవాలి.

నీ మనోంగ్,
తేర్యో

*

మనీలా, 1994 సెప్టెంబరు 16

మనోంగ్,

నా తంతి ఈపాటికి అందే ఉంటుంది. "బిరడా తీసెయ్, ఇంకెప్పుడూ పెట్టకు." అందకపోయి ఉంటే ఇప్పుడే లేచి వెళ్లి దాన్ని సముద్రంలో పారేసి వచ్చి, తర్వాత మిగతాది చదువు.

నేను రాసిన పిల్లవాడికి అప్పటికే ఆపరేషన్ అయింది. పక్కటెముక కొసన ఉండే మెత్తటి ఎముక ముక్కను తీసి, గాలిదారి ముందు వైపు చీల్చి, మధ్యలో కుట్టి, దారిని వెడల్పు చేశారు. వెడల్పు అయిందని కళ్లతో చూశాకే బిరడా పెట్టాం. ఆ సగం నేను రాయలేదు, నీకు తెలుసనుకున్నాను. బెనిల్దా దారి ఇంకా సూది కన్నమంత ఉంది. దానికి బిరడా పెట్టడమంటే పొగగొట్టం మూసి ఇంజను నడపడం. నీకు ఇంతకన్నా ఎలా చెప్పాలో తెలియదు. అది గీరింది బెదిరి కాదు మనోంగ్, ఊపిరాడక.

ఇక నేను దాటవేస్తూ వచ్చిన సంగతి. బెనిల్దాకు ఆపరేషన్ నేను చేయను.

మే నెలలో బెనిల్దా ఈడు పిల్ల ఒకతె వచ్చింది. జుట్టు కూడా అలాగే, రెండు పిలకలు. లోపల వాపు ఉంది, దీపం గొట్టం నా చేతిలో ఉంది. ముందుకు వెళ్లాలా ఆగాలా తేల్చుకోవాల్సిన చోట నేను ఊరికే చూస్తూ ఉండిపోయాను. డాక్టర్ కటాలన్ నా చెవి దగ్గర మెల్లగా అడిగింది: "ఎవరిని చూస్తున్నావ్?"

"పేషెంటుని, డాక్టర్."

"కాదు. నీ మేనకోడల్ని చూస్తున్నావ్. జరుగు."

జరిగాను. ఆ పిల్ల బాగానే ఇంటికి వెళ్లింది. నేను చూస్తూ నిలబడిన ఆ కాస్తసేపట్లో నా చేతికి ఏం తెలుసో అంతా నా తలకు తెలియకుండా పోయింది. వేరే పిల్ల విషయంలోనే అలా అయితే, బెనిల్దా మెడ నా ముందు ఉంటే?

ఇంకొకటి. జనవరిలో నేను బ్యాంకాక్ వెళుతున్నాను, ఏడాది పాటు. ఈ ఆపరేషన్లు అక్కడ ఎక్కువగా జరుగుతాయి. బెనిల్దాకు డాక్టర్ కటాలన్ చేస్తుంది. అడిగాను, ఒప్పుకుంది. ఈస్టరుకు పాట అనుకోవద్దు. దయచేసి మానాంగ్ పారింగ్‌కు ఇప్పుడే చెప్పేయండి.

నోరా

*

గిమరాస్, 1994 అక్టోబరు 20

డాక్టర్ లియోనోరా గంబోవా గారికి,

తంతి అందింది. బిరడా పెట్టడం ఆ సాయంత్రమే ఆపివేశాను. అయితే సముద్రంలో పారేయలేదు. నా పనిముట్ల పెట్టెలో, కంటికి కనబడే చోట ఉంచాను. ఏం చేయబోయానో ప్రతి ఉదయం చూడాలని.

మీ ఉత్తరాన్ని అర్థం చేసుకోవడానికి ప్రయత్నించాను. నాకు మూడు కారణాలు తోచాయి. ఒకటి, ఆపరేషన్ చేయడం మీకు చేతకాదు. అది నేను నమ్మను. రెండు, చెడితే అన్నావదినల మాట పడాల్సి వస్తుందని భయం. మూడు, బ్యాంకాక్ వెళ్లే వారికి గిమరాస్ దూరమైంది. ఏది నిజమో రాస్తే సంతోషిస్తాను.

ఫెలీసా అన్న మాట కూడా రాస్తున్నాను, దాచడం నాకు అలవాటు లేదు. "జుట్టు చూసి చెయ్యి ఆగిందంటే అది ప్రేమండీ. ప్రేమ ఉన్న చెయ్యి కాదని, మనం ముఖం కూడా చూడని మనిషి చేతికి అప్పగించమంటుందేం మీ చెల్లెలు?"

కనుక మేము ఎదురుచూస్తాం. మీరు బ్యాంకాక్ నుంచి వచ్చాకే ఆపరేషన్. వచ్చే ఈస్టరు కాకపోతే ఆ పై ఈస్టరు. నా కూతురి గొంతు మీద పరాయి కత్తి పడనివ్వను.

మానాంగ్ పారింగ్‌కు ఇంకా ఏమీ చెప్పలేదు.

తేర్యో

*

మనీలా, 1994 నవంబరు 8

మనోంగ్,

"గారు" అని రాసినందుకు ఒక రోజంతా ఏడ్చాను. ఇప్పుడు తేరుకుని రాస్తున్నాను.

నీ మూడింటిలో రెండోది సగం నిజం. భయం ఉంది, మాట పడతానని కాదు. ఆపరేషన్ మధ్యలో ఒక్కోసారి "ఇక చాలు, ఇవాళ ఇంతే" అని ఆపేయాల్సి వస్తుంది. నా ఎదురుగా పడుకున్నది బెనిల్దా అయితే, బయట బెంచీ మీద నువ్వు కూర్చుని ఉంటే, నేను ఆపలేను. నీకు పాట ఇవ్వాలని ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ పోతాను. నువ్వు బిరడా పెట్టినట్టు. అర్థమైందా? మనం ఇద్దరం ఒకే తల్లి పిల్లలం. వదినతో చెప్పు, ఆ ప్రేమ మంచం పక్కన కుర్చీలో కూర్చోవడానికి పనికొస్తుంది, కత్తి పట్టడానికి కాదు.

నా కోసం ఆగుతానన్నావు. ఆ ఏడాదికి మూల్యం చెల్లించేది బెనిల్దా. గొట్టం ఉన్న పిల్లకు ప్రతి జలుబూ ఒక గండం. రేవు బల్ల మీద రెండోసారి వెళ్లింది గొట్టం. ఇంకోసారి వెళ్లకపోతే? నేను బ్యాంకాక్‌లో ఉండి ఉత్తరం కోసం ఎదురుచూస్తూ ఉండాలా?

డాక్టర్ కటాలన్ ఎల్లకాలం ఉండదు. ఆమె మానేశాక మన దీవుల్లో పిల్లలకు ఇది చేసే వాళ్లు చాలా తక్కువ మంది మిగులుతారు. అందుకే వెళుతున్నాను. దూరమై కాదు.

ఒక్కసారి ఆమెను కలువు. నీ ప్రశ్నలన్నీ రాసుకుని వెళ్లు. ఆమె విసుక్కోదు. లేదా విసుక్కుంటుంది, కానీ జవాబు చెబుతుంది. తర్వాత నీ ఇష్టం. నీ మాటకు అడ్డు రాను.

నీ నోరా

*

మనీలా, 1995 ఫిబ్రవరి 2

ఇండాయ్ నోరా,

నువ్వు బ్యాంకాక్ చేరిన సంగతి ఫెలీసాకు రాసిన కార్డు ద్వారా తెలిసింది. నేను నిన్న డాక్టర్ కటాలన్‌ను కలిశాను.

ఆమె పొట్టి మనిషి. ఈ విషయం నువ్వు రాయలేదు. కుర్చీలో కూర్చుంటే కాళ్లు నేలకు ఆనవు. నా ప్రశ్నల కాగితం చూసి, "ఇది ఎవరింటి వంశమో తెలిసిపోతోంది," అంది. ముందు నాతో మాట్లాడలేదు. బెనిల్దాను ఎదుట కూర్చోబెట్టుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు దాని ఊపిరి వింది. బెనిల్దా కూడా కళ్లు మూసుకుంది. గదిలో ఇద్దరు పిల్లలు దాగుడుమూతలు ఆడుతున్నట్టుంది.

"మీరు చేసిన వాళ్లందరికీ గొట్టం తీసేయగలిగారా?" అని అడిగాను.

"లేదు. కొందరికి రెండోసారి చేశాం. కొందరికి ఇప్పటికీ ఉంది. అందరికీ పోయిందని చెప్పే డాక్టర్ దగ్గరికి వెళ్లకండి."

"మా చెల్లెలు నిజంగా చేయలేదా?"

"చేయగలదు. నేను తయారుచేసిన వాళ్లలో దాని చెయ్యి అన్నింటికన్నా మంచిది. మీ పిల్లకి చేయనని నా దగ్గరికి వచ్చి చెప్పినప్పుడే దాని శిక్షణ పూర్తయిందనుకున్నాను. కత్తి పెట్టడం ఏడాదిలో వస్తుంది మిస్టర్ గంబోవా. దించడం ఎంతమందికి వస్తుందంటారు?"

ఆఖరి ప్రశ్న ఈస్టరు గురించి. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"ఈస్టరు ఎవరికి?" అంది. "మీకా, ఈ పిల్ల గాలిదారికా? దానికి పండగలు తెలియవు. ఇంకొకటి ఇప్పుడే వినండి. గొంతు వస్తుంది, కానీ బొంగురుగా వస్తుంది. స్వరతంత్రుల పక్కనే కోస్తాం. పాటగొంతు కావాలంటే నేను ఇవ్వలేను. ఊపిరి కావాలంటే ప్రయత్నిస్తాను."

బయటికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. చేతిలో కాగితం ఉంది, దాని మీద ఇంకా ప్రశ్నలున్నాయి. అడగాల్సింది ఒకటీ మిగల్లేదని అర్థమైంది. లోపలికి వెళ్లి సరేనన్నాను. మార్చిలో చేస్తుంది.

మానాంగ్ పారింగ్‌కు మనీలా బయలుదేరే ముందే చెప్పి వచ్చాను. అది ఇక్కడ రాయాలి. నేను ఆమె ఇంటి గుమ్మంలో నిలబడి, అవమానపడుతూ, ఈస్టరు మాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"ఇన్నాళ్లూ మోసి ఇప్పుడా చెప్పడం? ఆ కోడి ఈకలన్నీ నేనేం చేసుకోను, తలగడ కుట్టుకోనా?" తర్వాత గొంతు దించి, "ఇంతకీ నీ కూతుర్ని అడిగావట్రా ఎప్పుడైనా?"

అడగలేదు. అక్కడే, ఆమె గుమ్మంలోనే అడిగాను. నా వెంటే ఉన్న బెనిల్దా మంచె వైపు చూపించి, తల గట్టిగా అడ్డంగా ఊపి, రెండు చేతులతో కళ్లు మూసుకుంది. దానికి ఎత్తంటే భయమట. నెలల తరబడి నేను సిమెంటు బస్తాను దించి పరీక్షిస్తుంటే అది పక్కనే నిలబడి చూసింది. మానాంగ్ పారింగ్ నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకు నవ్వు రాలేదు. దారి పొడుగునా దాని చెయ్యి పట్టుకుని నడిచాను.

ఫెలీసా ఇంకా నీ మీద అలిగే ఉంది. నేను లేను.

నీ మనోంగ్,
తేర్యో

*

బ్యాంకాక్, 1995 మార్చి 19

మనోంగ్,

రేపు ఆపరేషన్ అని డాక్టర్ కటాలన్ తంతి పంపింది. ఈ ఉత్తరం నీకు చేరేసరికి అంతా అయిపోయి ఉంటుంది. అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను.

ఇక్కడ నేను ఇలాంటి ఆపరేషన్లలో రోజూ నిలబడుతున్నాను. ఇవాళ కూడా ఒకటి. ఎముక ముక్కను చెక్కడం నాకు అప్పగించారు. పడవ ఆకారంలో చెక్కాలి, అంచులు లోపలికి జారకుండా. నువ్వు రబ్బరు చెక్కడం గుర్తొచ్చి చెయ్యి ఆగబోయింది. ఆగలేదు. ఎదురుగా ఉన్నది ఎవరి బిడ్డో నాకు తెలియదు. బయట ఏ భాషలో ప్రార్థిస్తున్నారో కూడా అర్థం కాలేదు. అదే నాకు సాయమైంది.

రేపు పొద్దున నేను అక్కడ లేను. ఎందుకు లేనో నీకు తెలుసు. వదినకూ తెలిస్తే బాగుండును.

నోరా

*

మనీలా, పిల్లల వార్డు, 1995 మే 23

ఇండాయ్ నోరా,

ఆపరేషన్ గురించి డాక్టర్ కటాలన్ నీకు నేరుగా రాసిందని తెలుసు. కాబట్టి నేను నా కంటికి కనిపించింది మాత్రమే రాస్తున్నాను.

ఈస్టరు నాడు మేము ఈ వార్డులోనే ఉన్నాం. మన ఊళ్లో పడవవాడు దియోనీసియో కూతురు ముసుగు ఎత్తిందట. బాగా పాడిందట. ఆ వార్త విన్నప్పుడు బెనిల్దా మంచం మీద కూర్చుని పొరుగు మంచం పిల్లాడి బొమ్మ బస్సును లాక్కుంటోంది.

పోయిన వారం గొంతు లోపలికి చూశారు. దారి తెరుచుకునే ఉంది. గొట్టం మార్చి సన్నది పెట్టారు. ఆ తర్వాత బిరడా. ఈసారి అది వాళ్ల బిరడా, వాళ్ల సమయం. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పిల్ల నా చెయ్యి గీరలేదు. నా ముఖం చూసి భయపడి ఫెలీసా దగ్గరికి పోయింది. "మీ ముఖమే పిల్లను బెదరగొడుతోంది, బయట కూర్చోండి," అని నర్సు నన్ను పంపేసింది.

ఇవాళ ఉదయం గొట్టం తీసేశారు. మెడ మీద కన్నానికి గుడ్డ అంటించారు. డాక్టర్ కటాలన్ పక్కనే కుర్చీ వేసుకుని, ఎప్పటిలాగే కళ్లు మూసుకుంది. మేమంతా ఆమె ముఖం చూస్తున్నాం. అప్పుడు బెనిల్దా మాట్లాడింది. పొరుగు మంచం వాళ్లు నూడుల్స్ తింటున్నారు. చుట్టలు అమ్మే ముసలమ్మ గొంతులాంటి గొంతుతో, "అమ్మా, నాకు పెట్టరా వాళ్లు?" అంది.

పొరుగు ఆవిడ గిన్నె మొత్తం తెచ్చి ఇచ్చేసింది. ఫెలీసా ఏడుస్తూ, నవ్వుతూ, "దీని పెద్దరికం చూడు, మొదటి మాటకే అడుక్కుంటోంది," అని తిట్టింది. డాక్టర్ కటాలన్ కళ్లు తెరవలేదు. "తిననివ్వండి. మింగడం కూడా వినాలి," అంది.

ఆ గొంతు ఎప్పటికీ పాడదు. మొదట నాకు ఆ మాట గుచ్చుకుంది. ఇప్పుడు వింటూ కూర్చుంటే, అది ఒక మనిషి గొంతు. ఇంకెవరిదీ కాదు.

ఫెలీసా నీకు రాయమన్నది ఇదీ: "ఆడపడుచుకి చెప్పండి, నేను ఆ రోజు బెంచీ మీద కూర్చున్నాను. లోపల కూడా నా మనిషే ఉండి ఉంటే ఇద్దరినీ మోయలేకపోయేదాన్ని." ఆమె దానికి ఇంకేమీ కలపలేదు. నేనూ కలపను.

ఇక్కడ గొట్టం తీసిన తర్వాత తొలి నిద్రకు బంధువు ఒకరు కాపలా కూర్చోవాలి. చూసినది చూసినట్టు రాసి, దాని కింద సమయం వేసి, పూర్తి పేరు పెట్టాలి. అది నర్సుకు ఇచ్చాను. నీకు కూడా ఇవ్వాలి. నువ్వు దాని అత్తవి కాబట్టి కాదు, దాని డాక్టర్లలో ఒకరివి కాబట్టి.

పిల్ల నిద్రపోతోంది. ముక్కుతో గాలి తీసుకుంటోంది. పీల్చేటప్పుడు కూత లేదు, వదిలేటప్పుడూ లేదు. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకోవడం లేదు. పెదవులు ఎర్రగా ఉన్నాయి.

మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు.

ఎలియుతేరియో పనెస్ గంబోవా